ఆగిపోయిన గంటకి సిద్ధపడటం

నెల్లూరు జిల్లా బిట్రగుంట రైలు వల్ల పెరిగిన ఊరు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడి లోకో షెడ్డు, రైల్వే కాలనీ ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. ఆవిరి పోయింది, షెడ్డు మూతపడింది. ఆ ఇంజన్ల మీద పనిచేసిన వాళ్ళ మనవలు ఇప్పుడు చెన్నైలో విమానమెక్కి విన్నిపెగ్, ఎడ్మంటన్, మినియాపొలిస్, బఫెలో లాంటి ఊళ్ళకు చదువులకు పోతున్నారు. పుష్యమాసంలో కూడా పగలు ఫ్యాను కావాలనిపించే ఊరి పిల్లలు మంచు పడే చోటికి వెళ్ళేముందు ఏం సిద్ధం చేసుకోవాలన్నదే ఈ సంవాదం. ఒకరు ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన తాత. మరొకరు జనవరిలో కెనడా విన్నిపెగ్‌లోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చేరబోతున్న మనవరాలు.

తాత: రెండు పెట్టెలూ సర్దేసినావు గదా. పచ్చళ్ళు ఉండాయి, కందిపొడి ఉండాది, కుక్కరు కూడా పెట్టుకున్నావు. చలికోటు మాత్రం కనపళ్ళా. మంచు పడే దేశానికి పోయేది ఇట్టాగేనా తల్లీ?

మనవరాలు: కావాలనే పెట్టలేదు తాతా. కావలిలో దొరికే స్వెట్టరు లంబసింగి చలికి సరిపోతుంది. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సగటునే మైనస్ 20 దాకా దిగుతాయి. ఆ చలికి తగిన కోటు ఆ ఊళ్ళోనే దొరుకుతుంది. ఒకరు వాడి ఇచ్చేసినవి అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి. ఇక్కడ కొన్నది అక్కడ పనికిరాకపోతే డబ్బూ దండగ, పెట్టెలో చోటూ దండగ.

తాత: అక్కడే కొనుక్కో, కాదన్ను. నువ్వు దిగేది జనవరిలో. విమానం దిగిన కాడి నుంచి ఆ దుకాణం దాకా ఒంటి మీద ఏముంటుంది?

మనవరాలు: విమానాశ్రయం వెచ్చగా ఉంటుంది. టాక్సీ గుమ్మం ముందుకే వస్తుంది, అందులో హీటరుంటుంది. గదిలోనూ హీటరుంటుంది. ఆరుబయట ఉండేది అయిదు నిమిషాలు.

తాత: టాక్సీ రాలేదనుకో. వచ్చినవాడు పక్క వీధిలో దించి పోయినాడనుకో. గది తాళం ఇచ్చేవాడు ఫోను ఎత్తలేదనుకో. అయిదు నిమిషాలు ముప్పావు గంట కావడానికి ఇందులో ఏ ఒక్కటైనా చాలు.

మనవరాలు: నువ్వు చెడిపోయేవే లెక్కేస్తున్నావు. ఆ ఊరికి చలి కొత్త కాదు తాతా. నేను చేరే విశ్వవిద్యాలయంలో చాలా భవనాల మధ్య నేల కింద సొరంగాలున్నాయి. వాటిలోంచి క్లాసుకి కోటు లేకుండానే పోవచ్చు. ఊరి నడిబొడ్డున భవనాలను కలుపుతూ రోడ్ల పైనుంచి మూసిన వంతెనలున్నాయి. కార్లు నిలిపే చోట కరెంటు ప్లగ్గులుంటాయి. రాత్రి కారుని ప్లగ్గుకి తగిలిస్తే ఇంజను మరీ చల్లబడకుండా ఉండి పొద్దున స్టార్టవుతుంది. క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు లేకుండా కారు నడిపితే చట్టం ఊరుకోదు. నీ రైళ్ళ సంగతే చూడు. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 30 పడింది. మెట్రా రైళ్ళవాళ్ళు బండి పట్టా మారే పాయింట్ల దగ్గర పట్టాల పక్కన గ్యాస్ మంటలు పెట్టారు.

తాత: పాయింట్ల కాడ మంటా? సరిగ్గానే చేసినారు. పాయింటు తిరిగినప్పుడు టంగ్ రైలు అనే కదిలే పట్టా పోయి పక్క పట్టాకి అంటుకోవాల. మధ్యలో మంచు గడ్డ ఇరుక్కుంటే అంటదు, అంటకపోతే సిగ్నలు పడదు. మనకి ఎండల్లో పట్టా సాగి వంకర పోతుందని గ్యాంగ్‌మన్‌లు తిరుగుతారు. వాళ్ళకి చలి బాధ. ఇదంతా మంచిదే. అయినా నా సర్వీసులో నేర్చుకున్నది ఒకటి చెప్తా విను. గార్డు ప్రతి ట్రిప్పుకీ డిటొనేటర్ల డబ్బా పెట్టుకునే బండెక్కాల. బండి సెక్షను మధ్యలో ఆగిపోతే వెనక్కి నడిచిపోయి వాటిని పట్టా మీద అమర్చాల. వెనక వచ్చే ఇంజను ఎక్కితే అవి పేల్తాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. వాటితో పని పడింది ఎప్పుడో ఒకసారి. అయినా సిగ్నళ్ళు బాగుండాయి, ఇంజను బాగుండాది అని డబ్బా వదిలేసి పోయిన గార్డు లేడు. నువ్వు చెప్పిన సొరంగాలు, వంతెనలు బండి నడిచేటప్పటి సంగతులు. నువ్వు సిద్ధపడాల్సింది ఆగిపోయిన గంటకి.

మనవరాలు: ఆ గంట ఎంతమందికి వస్తుంది? లక్షల మంది అక్కడే పుట్టి, అక్కడే ముసలివాళ్ళవుతున్నారు.

తాత: 2022 క్రిస్మస్‌కి బఫెలోలో ఏం జరిగిందో టీవీలో చూసినాం గదా.

మనవరాలు: చూశాను. పండగ ముందు మొదలైన మంచు తుపాను రోజుల తరబడి వదల్లేదు. అంబులెన్సులు కదల్లేకపోయాయి. కార్లలో చిక్కుకుని కొందరు, బయట వీధుల్లో కొందరు, హీటరు ఆగిన ఇళ్ళల్లో కొందరు చనిపోయారు. నువ్వు అడగకముందే చెప్తున్నా, బఫెలో మంచుకి బాగా అలవాటు పడిన ఊరే. సరే, ఇక్కడ నీ మాట ఒప్పుకుంటాను. కొండలెక్కేవాళ్ళ సామాను అమ్మే దుకాణాలు చెన్నైలో ఉన్నాయి. అక్కడ ఒక కోటు, టోపీ, చేతి తొడుగులు కొని చేతిసంచిలోనే పెట్టుకుంటా. పెట్టెలు తప్పిపోయినా అవి నా దగ్గరుంటాయి. మిగతావి అక్కడే.

తాత: లోపల రెండు మూడు నూలు బనియన్లు తొడుక్కో. మన నూలుకి మించింది లేదు.

మనవరాలు: అదే చెయ్యకూడదు తాతా. నూలు చెమటని పీల్చి తడిగా ఒంటికి అంటుకుని ఉంటుంది. బస్సు కోసం నాలుగడుగులు పరుగెత్తి, చెమట పట్టి, తర్వాత చలిలో నిలబడితే ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకని ఒంటికి ఆనుకుని ఉన్నిదో పాలియెస్టరుదో పల్చటి బట్ట, దాని మీద గాలిని పట్టి ఉంచే మందపాటి బట్ట, అన్నిటి మీదా గాలి దూరని కోటు. వేడెక్కినప్పుడు ఒకటి విప్పెయ్యాలి. చెమట పట్టనివ్వకపోవడం కూడా చలికి సిద్ధపడటమే.

తాత: ఇంజను ఫుట్‌ప్లేట్ మీద బొగ్గు వేసేటప్పుడు తడిసిన నూలు చొక్కాకి గాలి తగిలితే ప్రాణం లేచొచ్చేది. ఇక్కడ హాయిగా ఉండేదే అక్కడ ముప్పు అంటావు. ఒప్పుకున్నా. మరి కాళ్ళకి?

మనవరాలు: బూట్లు బిగుతుగా ఉండకూడదు. మందపాటి మేజోళ్ళు వేసుకున్నాక కూడా వేళ్ళు కదలాలి. బిగిస్తే రక్తం సరిగ్గా ఆడదు, లోపల గాలికీ చోటుండదు. చేతులకైతే వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవుజుల కంటే నాలుగు వేళ్ళూ ఒకే తొడుగులో ఉండేవి వెచ్చన. ఇక గాలి. మైనస్ 20 ఉన్నప్పుడు గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 33 లాగా తగులుతుంది. అలాంటప్పుడు కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. కాబట్టి రోజూ పొద్దున ఎన్ని డిగ్రీలో చూసి ఊరుకుంటే చాలదు, గాలి లెక్క కూడా చూడాలి.

తాత: నా ముప్పావు గంట సంగతి ఇప్పుడు నువ్వే తేల్చినావు.

మనవరాలు: తేల్చాను. కానీ మనిషి ఒళ్ళు మొండిది తాతా. మే నెల ఎండల్లో, ఇంజను పొయ్యి ముందు నువ్వు గంటల తరబడి నిలబడ్డావు. నీకు వేడి అలవాటైనట్టే నాకు చలి అలవాటవుతుంది.

తాత: వేడికి అలవాటు పడటం నేనెరుగుదును. మొదటి పది, పదిహేను రోజులు తల తిరిగేది. ఆ తర్వాత చెమట తొందరగా పట్టేది, నీళ్ళు ఎప్పుడు తాగాలో ఒంటికే తెలిసేది. చలికీ అట్టాగే జరుగుతుందని డాక్టర్లు అంటుండారా?

మనవరాలు: అంత గట్టిగా అనరు. వేడికి మనిషి ఒళ్ళు ఒకటి రెండు వారాల్లో బాగా సర్దుకుంటుంది. చలికి అలా కాదు. వణుకు తగ్గుతుంది, చలి అంతగా బాధించదు. కానీ గడ్డకట్టించే చలి నుంచి ఆ అలవాటు చర్మాన్ని కాపాడదు.

తాత: అంటే బాధ తగ్గుతుంది గాని ముప్పు తగ్గదు. రెండో ఏడాదికి నాకేం కాదులే అని టోపీ లేకుండా బయటికొచ్చేది అట్టాంటి వాళ్ళే గదా. అలవాటు మీద నమ్మకం పెట్టుకోమాక తల్లీ.

మనవరాలు: సరే, అది నీదే గెలుపు. నువ్వూ ఒకటి ఒప్పుకోవాలి. వేళ్ళు మొద్దుబారితే ఏం చెయ్యమంటావు?

తాత: బాగా రుద్ది మంట దగ్గర కాచుకోవాల.

మనవరాలు: రెండూ తప్పే. చర్మం తెల్లగా, మైనంలా మారి స్పర్శ పోయిందంటే లోపల కణాలు గడ్డకడుతున్నాయి. రుద్దితే అవి చిట్లుతాయి. స్పర్శ లేని చెయ్యి మంట దగ్గర కాలినా తెలియదు. ముందు వెచ్చని చోటికి చేరాలి. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేదని తేలాకే ఒంటి వేడికి కాస్త మించిన గోరువెచ్చని నీళ్ళలో ఉంచి డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంకోటి దీనికంటే ముఖ్యం. ఒంట్లో వేడి 35 డిగ్రీలకి దిగువకి పోతే మాట తడబడుతుంది, చేతులు పట్టు తప్పుతాయి, బుద్ధి మందగిస్తుంది. అప్పుడు తనకి ప్రమాదమని తనకే తెలియదు. పక్కనున్నవాళ్ళు గుర్తుపట్టాలి. పచ్చడి సీసాల కంటే ఈ జ్ఞానం పట్టుకుపోవడమే సిద్ధపడటమని నేననేది.

తాత: రుద్దడం సంగతి నాకు తెలియదు, ఇప్పుడు నేర్చుకున్నా. అయితే బుద్ధి మందగిస్తుందని తెలిసినదానివి ఒంటరిగా బయటికి పోవచ్చునా?

మనవరాలు: ఎవరికీ చెప్పకుండా పోను. కానీ నువ్వడిగినట్టు ప్రతిదానికీ సిద్ధపడే కదలాలంటే ఎవరూ గడప దాటరు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో ఒక అక్టోబరులో, చలికాలం ముంగిట్లో, బోస్టన్‌లో దిగాడు. చేతిలో డబ్బు పెద్దగా లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేస్తూ చదివాడు. అన్నీ అమర్చుకుని పోదామనుకుంటే ఆయన ఆ ఏడు వెళ్ళేవాడే కాదు.

తాత: ఆయన పట్టుదలకి దణ్ణం పెడతా. ఆయనకి లేనిది గతిలేక లేదు. నీకు తెలుసుకునే దారి ఉండి కూడా తెలుసుకోకుండా పోతే దాన్ని పట్టుదల అనరు. మాలావత్ పూర్ణని చూడు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకుల పాఠశాలలో చదివింది. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ముందు భువనగిరి కొండ మీద నేర్పినారు, ఆ తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. మెట్టు మెట్టుగా తీసుకుపోయినారు. ధైర్యం ఆ పిల్లదే. ఆ ధైర్యానికి కింద కట్టిన మెట్లు కూడా చూడాల.

మనవరాలు: చూస్తాను. ఆ మెట్లలో ఒకటి నడక. మంచు మీద నడవడం కూడా నేర్చుకోవాలి. చిన్న అడుగులు వెయ్యాలి, బరువు ముందు కాలి మీద ఉంచాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు.

తాత: రోడ్ల మీద ఉప్పు చల్లి కరిగిస్తారంటనే. మన ఇసకపల్లి కొఠారుల్లో పండే ఉప్పే గదా.

మనవరాలు: అదే ఉప్పు. ఉప్పు కలిస్తే నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా చల్లబడాలి. కానీ మైనస్ 10 దాటిందంటే ఉప్పు పని బాగా నెమ్మదిస్తుంది. విన్నిపెగ్ చలిలో ఇసక చల్లుతారు, జారకుండా పట్టు కోసం. రోడ్డు నల్లగా, ఆరినట్టు కనపడుతుంది. దాని మీద అద్దం లాంటి పల్చని మంచు పొర ఉంటుంది. బైకు మీద కావలి రోడ్డులో పోయినట్టు పోతానంటే కుదరదు.

తాత: అందుకే చలికాలమంతా గదిలో ఉండి చదువుకో అంటుండా.

మనవరాలు: అది మాత్రం వినను తాతా. డిసెంబరులో మనకి పగలు పదకొండు గంటలకి పైనే ఉంటుంది. విన్నిపెగ్‌లో ఎనిమిది గంటలే. చీకట్లో క్లాసుకి పోయి చీకట్లో గదికి వస్తే మనిషి కుంగిపోతాడు. చలికాలంలో వచ్చే ఈ దిగులు ఒక జబ్బని నార్మన్ రోసెంతాల్, ఆయనతో పనిచేసిన వాళ్ళూ 1984లో రాశారు. పొద్దున్నే అరగంట 10,000 లక్సుల దీపం ముందు కూర్చోబెట్టే చికిత్స కూడా ఉంది. అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది, వెలుతురున్న కాసేపు బయట తిరగడం. విన్నిపెగ్‌లో నది గడ్డకడితే దాని మీదే జనం నడిచే బాట వేస్తారు. ముసలివాళ్ళూ పిల్లలూ స్కేటింగ్ చేస్తారు. నేనూ పోతాను.

తాత: నది మీద నడుస్తావా! 2022 డిసెంబరు 26న అరిజోనాలో ఏమైంది? చెరువు గడ్డకట్టిందని దాని మీదికి పోయినారు, మంచు విరిగి ముగ్గురు పోయినారు. గుంటూరు జిల్లా నుంచి పోయిన మొగుడూ పెళ్ళాం అందులో ఉండారు. చిన్న బిడ్డల్ని వదిలిపెట్టి పోయినారు. ఆ వార్త విన్న రోజు నాకు ముద్ద దిగలేదు.

మనవరాలు: నేనూ ఆ వార్త మర్చిపోలేదు. అందుకే ఈ విషయం ఎక్కువ చదివాను. స్వచ్ఛమైన గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉంటేనే ఒక మనిషి నడవొచ్చని మిన్నెసోటా ప్రభుత్వ శాఖ చెబుతుంది. తెల్లగా, మెత్తగా కనపడే మంచుకి సగం బలమే. పైన హిమం పరుచుకుంటే కింద గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, మందం కంటికి తెలియదు. కింద నీళ్ళు పారే చోట ఇంకా పల్చన. నేను పోయే బాట రోజూ కనిపెట్టి చూసుకునే బాట. తెరిచామని చెబితే పోతాను, మూశామంటే పోను. ఎవరూ కొలవని చెరువు మీద అడుగు పెట్టను.

తాత: పక్కవాళ్ళు ఫొటోలు తీసుకుంటూ రమ్మని పిలిస్తే?

మనవరాలు: పోను. వాళ్ళనీ పోవద్దంటాను. ఇంకో సంగతి. నేను చేరే విశ్వవిద్యాలయంలోనే గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు తానే గడ్డకట్టే నీళ్ళలో దిగి పరిశోధన చేశాడు. ఆయన చెప్పేది ఒకటి, పది, ఒకటి. మంచు విరిగి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత పది నిమిషాలే చేతులు కాళ్ళు మన మాట వింటాయి. ఆలోపు వచ్చిన వైపుకే తిరిగి, మంచు మీద చేతులు చాపి, కాళ్ళు తన్నుతూ పైకి వచ్చి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ పోవాలి. మునక్కుండా తేలగలిగితే స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు. చలి వెంటనే చంపేస్తుందని బెదిరి మొదటి నిమిషంలో నీళ్ళు మింగేవాళ్ళే ఎక్కువ నష్టపోతారు.

తాత: ఇది నాకు నచ్చింది. ఆగిపోయిన గంటకి సిద్ధపడటమంటే ఇదే. మరి ఆ గంటలో ఫోను చేద్దామంటే?

మనవరాలు: ఫోను కూడా చలికి ఆగిపోతుంది. ఐఫోను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోవడానికి చేసిందని ఆ సంస్థే చెబుతుంది. అందుకని లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. చిరునామా, ముఖ్యమైన నంబర్లు కాగితం మీద కూడా రాసుకుంటా. ఎవరి కారులోనైనా దూరం పోతే దుప్పటి, తినడానికేదైనా, పార ఉన్నాయా అని ముందే అడుగుతా. కారు మంచులో చిక్కుకుంటే దిగి నడవకుండా అందులోనే ఉండాలి. హీటరు కోసం ఇంజను వేసేముందు పొగ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలి. లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు.

తాత: ఇంత తెలుసుకున్నదానివి ఒక్క మాట విను. సెప్టెంబరులో పోరాదా? అప్పుడైతే ఆకులు రాలడం చూస్తావు, మొదటి మంచు చూస్తావు. చలి మెట్టు మెట్టుగా వస్తుంది, నువ్వూ మెట్టు మెట్టుగా నేర్చుకుంటావు. జనవరిలో దిగితే మొదటి రోజే ఎవరెస్టు మీద దించినట్టు.

మనవరాలు: ఇంకెవరైనా నన్నడిగితే సెప్టెంబరే మేలని చెబుతాను. కానీ నాకు సీటు ఇచ్చింది జనవరికి. వదులుకుంటే సెప్టెంబరులో మళ్ళీ వస్తుందని హామీ లేదు. చలికి భయపడి చదువు వదులుకోను.

తాత: భయపడమని నేను చెప్పలా. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నడిపింది బండి. భయపడేవాడు నడపలేడు, జాగ్రత్త లేనివాడికి నడపనివ్వరు. వెళ్ళేముందు నువ్వు చెయ్యాల్సినవి చెప్పు, వింటా.

మనవరాలు: విమానాశ్రయానికి ఎదురు రావడానికి విద్యార్థి సంఘంలో ఒకరిని ముందే మాట్లాడుకుంటా, వాళ్ళు రాకపోతే ఎవరికి ఫోను చెయ్యాలో కూడా. గది అద్దెలో హీటింగ్ ఖర్చు కలిసి ఉందో లేదో ఒప్పందానికి ముందే అడుగుతా. హీటరు ఆగిపోతే రాత్రిపూట ఎవరిని పిలవాలో మొదటి రోజే తెలుసుకుంటా. మొదటి నెల నాకు ఏమీ తెలియదనే అనుకుని నడుచుకుంటా. సిగ్గుపడకుండా అందరినీ అడుగుతా. బయటికి పోయే ముందు గదిలో ఉండేవాళ్ళకి ఎప్పుడొస్తానో చెప్పి పోతా. వచ్చే ఏడాది మన వైపు నుంచి వచ్చే పిల్లలకి నేనే ఎదురుపోయి కోటు అందిస్తా.

తాత: ఇది చేస్తే జనవరికి నేను అడ్డు చెప్పను. సెప్టెంబరే మేలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.